వైద్యకళాశాలకు వేరొక త్రోవ

పదవ తరగతి ఫలితములు వెలువడిన వారముననే బిడ్డ వైద్యుడగునో కాడో తేలిపోయినట్లు భావించుట మన తెలుగు కుటుంబములలో పాతుకొనిపోయిన అలవాటు. బైపీసీలో చేరినవాడు డాక్టరనియు, ఎంపీసీలో చేరినవాడు ఇంజనీరనియు, సీఈసీ, హెచ్‌ఈసీలలో చేరినవారికి ఆ ప్రసక్తియే లేదనియు, ఇంటివద్ద చదివినవారును, ఓపెన్ స్కూలులో వ్రాసినవారును, చదువు నడుమ మాని పొలముననో దుకాణముననో నాలుగేండ్లు పనిచేసినవారును లెక్కలోనికే రారనియు పెద్దలు తలంతురు. పిల్లలును దానినే నమ్మి, పదునైదేండ్ల వయస్సున ఎవరో గీచిన గీతకు జీవితాంతము లోబడియుందురు. ఆ గీతకు ఆవలివైపున నిలిచి, ఇరువదిరెండవ యేటనో ముప్పదవ యేటనో వైద్యవృత్తిపై మనస్సు స్థిరపడినవారికొరకు ఈ అధ్యాయము వ్రాయుచున్నాను. అట్టివారికి నేను మొదటనే చెప్పదలచిన మాట యొక్కటి కలదు: పుస్తకముతో ప్రారంభింపవలదు, కోచింగుతోను ప్రారంభింపవలదు, మీ చేతనున్న ప్రమాణపత్రములతో ప్రారంభింపుడు. తెలివితేటలకు కొదువలేకయు, అర్హత నిబంధనలోని ఒక్క వాక్యమును సకాలమున చదువనందువలన రెండు మూడు సంవత్సరములు వృథాపుచ్చుకొన్నవారు ఈ త్రోవపొడవునను కానవత్తురు.

డాక్టరగుటకు త్రోవ ఒక్కటియే యను నమ్మకము చరిత్రముందు నిలువదు. 1886లో పుదుక్కోట సంస్థానమున జన్మించిన ముత్తులక్ష్మీరెడ్డి, ఈడేరిన పిల్ల బడికి పోరాదను ఆనాటి ఆచారము వలన ఇంటనే యుండి చదువుకొని, మెట్రిక్యులేషన్ నెగ్గి, అంతవరకు మగపిల్లలకే పరిమితమైయున్న మహారాజా కళాశాలలో సంస్థానాధీశుని అనుమతితో ప్రవేశించి, 1907లో మదరాసు వైద్యకళాశాలలో చేరి, 1912లో పట్టభద్రురాలైనది. అడయారునందలి కేన్సరు వైద్యసంస్థ ఆమె చలువయే. మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కినవాడు. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుటచే ఒక ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో వెలుపలికి వచ్చి, మదరాసున ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, పిదప అమెరికా చేరి, ఫోలిక్ ఆమ్లము మొదలు మెథోట్రెక్సేట్ వరకు లోకమునకు ఔషధములను సమకూర్చిన పరిశోధనలకు నాయకత్వము వహించినాడు.

అయితే వారి కాలమునకును మన కాలమునకును గొప్ప భేదము కలదు. ఆనాడు ఒక సంస్థానాధీశుని దయయో, ఒక ప్రిన్సిపాలు విశాలహృదయమో మూసిన తలుపు తెరచెడిది. నేడు తలుపువద్ద మనిషి లేడు; నిబంధన యొక్కటి కలదు. దానికి దయ లేదు, ద్వేషమును లేదు. మీ కథను వినదు, మీ కష్టమును అడుగదు. అమెరికాలో వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టువారు తాము నడచివచ్చిన త్రోవనుగూర్చి వ్యాసము వ్రాయుదురు, ముఖాముఖి సంభాషణలో దానినే వివరింతురు. సంగీతము చదివినవాడును చరిత్ర చదివినవాడును అవసరమైన విజ్ఞానశాస్త్ర పాఠములు పూర్తిచేసి, ఎమ్‌క్యాట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి అచట ప్రవేశము పొందవచ్చును. మన దేశమున ఎం.బి.బి.ఎస్. ప్రవేశమునకు వ్యాసము లేదు, ముఖాముఖి లేదు. అర్హతపత్రము, నీట్ అను ప్రవేశపరీక్షలో ర్యాంకు, రిజర్వేషను, స్థానికత, ఇవియే సర్వమును. గతము వంకరగా నున్నవారికి ఇది కఠినముగ తోచును గాని, నా యభిప్రాయమున ఇందొక మేలు కూడ కలదు: మీ గతమునకు సంజాయిషీ చెప్పుకొనవలసిన పని మీకు లేదు. వాక్యమును తృప్తిపరచిన చాలును.

ఆ వాక్యము చెప్పునదేమనగా, అభ్యర్థి ఇంటర్మీడియట్‌ను గాని తత్సమానమైన పరీక్షను గాని భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము లేక బయోటెక్నాలజీ, వీనితోపాటు ఇంగ్లీషు ఉత్తీర్ణుడైయుండవలెను. ఆ మూడు శాస్త్రములలోను కనీస మార్కుల నియమమున్నచో, ఆ యేటి నిబంధన ప్రకారము అవి రావలెను. ప్రవేశసంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండవలెను. ఇంతియే. ఎన్నిమారులు వ్రాయవచ్చునను హద్దు నీట్‌కు లేదు. వయసునకు పైహద్దుగా 2017లో 25 ఏండ్లని, రిజర్వేషను వర్గములకు 30 ఏండ్లని పెట్టిన నిబంధన న్యాయస్థానములచుట్టు తిరిగి తిరిగి, తుదకు 2022 మార్చిలో తొలగింపబడినది. ఆ వివాదము నడచుచుండగనే, 2020లో ఒడిశాకు చెందిన 64 ఏండ్ల విశ్రాంత బ్యాంకు ఉద్యోగి యొకరు నీట్ నెగ్గి బుర్లాలోని ప్రభుత్వ వైద్యకళాశాలలో చేరిన వార్త దేశమంతట పత్రికలలో వచ్చినది. కనుక ముప్పది యేండ్లు వచ్చినవని క్రుంగిపోవువారు ఆ ఒక్క విచారమును విడిచిపెట్టవచ్చును.

ఓపెన్ స్కూలు మాట వేరు. దానిని కొంత విపులముగ చెప్పవలసియున్నది. భారత వైద్యమండలి 1997 నాటి నిబంధనలకు తరువాత చేర్చిన సవరణలలో, ఓపెన్ స్కూలులో చదివినవారును ప్రైవేటుగా వ్రాసినవారును నీట్‌కు అనర్హులనియు, ఆ శాస్త్రములను రెండేండ్లు క్రమముగ, విరామము లేక, ఏకకాలమున చదివియుండవలెననియు పట్టుపట్టిరి. ప్రయోగశాల ముఖము చూడనివాడు రేపు రోగిపై చేయివేయునేమో యను భయము దీనికి మూలము. ఆ భయము నిరాధారమని నేనను. అయినను పేదరికము చేతనో, అనారోగ్యము చేతనో, ఊరిలో కళాశాల లేకనో ఓపెన్ స్కూలును ఆశ్రయించినవారినందరను ఒక్కపెట్టున వెలివేయుట న్యాయము కాదు గదా! 2018 మే నెలలో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసినది. పిదప 2023 నవంబరు 22న జాతీయ వైద్య కమిషన్ ప్రకటన యొకటి వెలువరించి, గుర్తింపుపొందిన బోర్డునుండి ఇంటర్ స్థాయి ముగిసిన తరువాత అదనపు విషయములుగ భౌతిక, రసాయన, జీవశాస్త్రములను ఇంగ్లీషును ఉత్తీర్ణులైనవారును నీట్ వ్రాయవచ్చునని తెలిపినది. వేరుత్రోవవారికి ఆ పుటయే ప్రాణము. దానిని ముద్రించి మీ కాగితముల కట్టలో పైన నుంచుకొనుడు. మీకు అర్హత లేదని ఎవరైన చెప్పిన యెడల, చాలమంది పాత నిబంధననే ఇంకను వల్లించుచున్నారని గ్రహింపుడు.

ఇందుండి ఎంపీసీ చదివినవారికి కలుగు ప్రయోజనము స్పష్టము. మీ భౌతిక, రసాయనశాస్త్రముల మార్కులు మెమోపై ఉండనే యున్నవి. లోపించినది జీవశాస్త్ర మొక్కటియే. దానిని ఎన్‌ఐఓఎస్ అని వ్యవహరింపబడు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ఒక్క విషయమునకు మాత్రమే చేరి వ్రాయవచ్చును. అచట ఏడాదికి రెండు విడతలుగా, ఏప్రిలు మే నెలలలోను అక్టోబరు నవంబరులలోను పబ్లిక్ పరీక్షలు జరుగును, ప్రయోగపరీక్షయు కలదు. రేపటి పిల్లలకు ఈ చిక్కు కొంత తగ్గుననుటకు గుర్తుగా, ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు 2025-26 నుండి గణితమును జీవశాస్త్రమును కలిపి చదువుకొను ఎంబైపీసీని ప్రవేశపెట్టినది.

ఓపెన్ స్కూలులో మొదటినుండి చదువబూనువారు మాత్రము భాషావిషయమున ఏమరుపాటు చెందరాదు. అచట విషయములను ఎన్నుకొను స్వేచ్ఛ విస్తారము. భాషగా తెలుగును మాత్రము తీసికొని ఇంగ్లీషును వదలివేసినను ఉత్తీర్ణతాపత్రము చేతికి వచ్చును. ఆ పత్రముతో డిగ్రీలో చేరవచ్చును, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టవచ్చును, కాని వైద్యకళాశాల గడప దాటుట సాధ్యము కాదు. నమోదుపత్రము నింపుచున్న ఆ పది నిమిషములలో జరిగిన ఎంపిక రెండేండ్లను కబళించుట ఎంత దుఃఖకరము!

డిగ్రీ చదివినవారిలో మరియొక భ్రమ వ్యాపించియున్నది. బి.ఎస్‌సి. పట్టా యున్నది గనుక ఇంటర్ మాట ఎవరడుగుదురని వారి ధీమా. నీట్ దరఖాస్తులో అర్హతలకు 01 నుండి 07 వరకు సంకేతసంఖ్యలు కలవు, బి.ఎస్‌సి. వారికిని అందొక సంఖ్య కలదు. కాని దాని వివరణను చివరివరకు చదివినచో, బి.ఎస్‌సి.లో ఈ శాస్త్రములలో రెండింటికి తక్కువ గాకుండ చదివియుండుటయే గాక, అంతకు పూర్వపు పరీక్షలో ఈ మూడును ఇంగ్లీషును ఉత్తీర్ణులై యుండవలెనని తెలియును. అనగా పైయంతస్తు ఎంత యెత్తు కట్టినను, అధికారి పునాదినే తట్టిచూచును. బి.టెక్., బి.కాం., బి.ఏ. పట్టములకు ఇచట విలువ లేదు. ఆ పట్టభద్రులు ఇంటర్ స్థాయికి మరల దిగివచ్చి లోపించిన విషయములను పూరింపవలసినదే. మరల చిన్నపిల్లలతో కూర్చుండి పరీక్ష వ్రాయుటకు అభిమానపడువారు ఈ తలపునే విరమించుకొనుట మంచిది; ఏలయన ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరమున మీ ప్రక్కన కూర్చుండువారును ఆ పిల్లలే.

ఇక స్థానికత. ఉభయ తెలుగు రాష్ట్రములలోను కన్వీనర్ కోటా సీట్లలో పెద్దభాగము స్థానిక అభ్యర్థులదే. తెలంగాణలో 2024లో సవరించిన నిబంధన ప్రకారము తొమ్మిదవ తరగతినుండి ఇంటర్ వరకు వరుసగా నాలుగేండ్లు రాష్ట్రముననే చదివి, అర్హతపరీక్షయు ఇచటనే వ్రాసియుండవలెను. కొన్ని వర్గముల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులతో దీనిని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతములను బట్టి స్థానికతను నిర్ణయింతురు. దీనికి ఆధారమైన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో, ఏ విద్యాసంస్థలోను చదువని సంవత్సరములకు అభ్యర్థి నివాసమును ప్రమాణముగ గ్రహించు ఏర్పాటు కలదు. ఇంటివద్ద చదివినవారికిని, చదువు మానినవారికిని ఆ నివాసధ్రువపత్రమే రక్ష. రాజస్థానునందలి కోటా పట్టణమునకు పోయి అచటనే ఇంటర్ ముగించిన తెలంగాణ పిల్లలు ర్యాంకు వచ్చియు సొంతరాష్ట్రమున స్థానికులు కాలేక వీధిన పడిన ఉదంతములు ఇటీవలి సంవత్సరములలో మనము చూచినవే. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లకును, ప్రభుత్వ కళాశాలలలోని 15 శాతము అఖిలభారత కోటాకును ఈ స్థానికత పట్టింపు లేదు. కాని అచటి పోటీ దేశమంతటితోను.

కాగితములను గూర్చి నేనింతగ నొక్కిచెప్పుట చాదస్తమని తోచువారు ధ్రువపత్రముల పరిశీలన జరుగుచోట ఒక పూట నిలిచి చూతురు గాక. బల్ల కావలివైపు ఉద్యోగి పదవ తరగతి మెమోతో మొదలిడి, స్టడీ సర్టిఫికెట్లను సంవత్సరముల వరుసను పేర్చుచు, ఒకదాని ముగింపు సంవత్సరమును తరువాతిదాని ప్రారంభ సంవత్సరముతో వ్రేలితో కలుపుకొనుచు పోవును. బైపీసీ పిల్లవాని కట్ట రెండు నిమిషములలో ముగియును. నడుమ మూడేండ్లు ఖాళీయైనవాని కట్టవద్ద ఆ వ్రేలు ఆగును. ఆ మూడేండ్లలో తండ్రి మంచానపడగా వ్యవసాయము తానే నడిపితినని అభ్యర్థి గొంతు పెగల్చుకొని చెప్పబోవును. ఉద్యోగి అది వినక, నివాసపత్రము కలదా, చదువులేని కాలమునకు ప్రమాణపూర్వక వాఙ్మూలము కలదా అని మాత్రము ప్రశ్నించును. ఉన్నచో వ్రేలు ముందుకు కదలును. లేనిచో అభ్యర్థి తహసీలుదారు కార్యాలయమునకు పరుగెత్తవలెను. గడువు మరునాడే ముగియును. ఆ ఉద్యోగి కఠినుడు కాడు, ఆయనకు విధింపబడిన పని అది.

పత్రముల సంగతి తేలినపిదప, త్రోవను ఎన్నుకొనుట మనిషినిబట్టి యుండును. ఇరువదియారేండ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి యొకడు ఈ ఆలోచనకు వచ్చినాడనుకొందము. అతనికి భౌతికశాస్త్రమున పట్టు కలదు. నీట్‌లో బైపీసీ పిల్లలను తల్లడిల్లజేయునది ఆ శాస్త్రమే గనుక ఇది చిన్న సంపద కాదు. కాని ప్రశ్నపత్రము చూడుడు: 180 ప్రశ్నలలో భౌతికమునకు 45, రసాయనమునకు 45, జీవశాస్త్రమునకు 90, 720 మార్కులలో సగము అతడు పదవ తరగతి తరువాత తాకని విషయమునకు పోవును. ప్రతి సరియైన జవాబునకు నాలుగు మార్కులు వచ్చును, ప్రతి తప్పునకు ఒకటి పోవును. 2025లో ఇరువదిరెండు లక్షలకు పైబడి ఈ పరీక్ష వ్రాసిరి, పన్నెండు లక్షలకు పైబడి అర్హత పొందిరి, దేశమున ఎం.బి.బి.ఎస్. సీట్లు అన్ని కళాశాలలవియు కలిపి లక్షా పాతికవేల ప్రాంతమున గలవు. కనుక 'నీట్ క్వాలిఫై అయితిని' అనుటకును సీటు వచ్చుటకును నడుమ ఎంత దూరమో గ్రహింపవచ్చును. ఉద్యోగము చేయుచు సాయంకాలములు చదివి ప్రభుత్వ సీటు సాధింతునని అతడనుకొన్నచో, మొదటి యేడు జీవశాస్త్ర అదనపు పరీక్షకును ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకముల పఠనమునకును ఉద్యోగముతోపాటే వినియోగించి, ఒక మాదిరి పరీక్షలో తన స్థాయిని నిష్పాక్షికముగ కొలుచుకొని, అటుపిమ్మటనే ఉద్యోగము విడుచుట యుక్తమని నా సలహా. రాజీనామాతో ఈ ప్రయాణము ప్రారంభించుటను నేను సమర్థింపను.

జీవశాస్త్రమును ఇంజనీరు చదువు విధము కూడ మారవలెను. సూత్రము తెలిసిన లెక్క వచ్చునను అభ్యాసము అతనికి రక్తమున జీర్ణించినది. ఇచటనో సూత్రములు కొద్ది, వాక్యములు అనేకము, ఆ వాక్యములలోని ఒక్కొక్క విశేషణము ఒక్కొక్క ప్రశ్నయగును. అయినను బట్టీయే శరణ్యమని తలంపరాదు. పెరటిలోని మందారమును కోసి తెచ్చి, రేకులను ఒలిచి, కేసరములన్నియు ఒకే గొట్టముగ కలిసి కీలమును చుట్టియుండుటను చూచి, అడుగుననున్న అండాశయమును బ్లేడుతో అడ్డముగ పలుచని చక్రముగ కోసి, నీటిచుక్కలో పెట్టి భూతద్దముతో పరికింపుడు: అయిదు గదులును, నడిమి స్తంభము నంటుకొని వరుసదీరిన తెల్లని అండములును కనబడును. మాల్వేసీ కుటుంబ లక్షణమును నలుబదిమారులు చదివినను నిలువనిది ఆ ఒక్క కోతతో నిలుచును. ఓపెన్ స్కూలు ప్రయోగపరీక్షను తంతుగ భావించువారు తమ్ము తామే మోసగించుకొందురు. ఒకనాడు నియంత్రణసంస్థ మిమ్ము అనుమానించినది ప్రయోగము విషయముననే గదా.

ఇంటివద్ద చదివిన పదునేడేండ్ల పిల్లకు సమస్య అంత జటిలము కాదు: ఆమెకు వయస్సు కలదు, తీరిక కలదు, స్వయముగ చదువుకొను అలవాటు కలదు. లేనిది పరీక్షాభ్యాసము. మూడు గంటలు కదలక కూర్చుండి ఓఎమ్మార్ పత్రముపై నూటయెనుబది వలయములు దిద్దుట ఆమెకు క్రొత్త. ఆమెను లాంగ్‌టర్మ్ కోచింగులో పడవేయుటకంటె మాదిరి పరీక్షల కొక కేంద్రమున చేర్చుట చాలును. తెలుగు మాధ్యమమున చదివినవారు నీట్‌ను తెలుగులోను వ్రాయవచ్చును; తెలుగు ప్రశ్నప్రక్కన ఇంగ్లీషు ప్రశ్నయు ఉండును, అనువాదమున సందేహము వచ్చినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము. కాబట్టి సాంకేతిక పదములను రెండు భాషలలోను ఎరిగియుండుట క్షేమము; కళాశాలలో చేరినపిదప బోధన యంతయు ఇంగ్లీషుననే సాగును.

నా మనస్సును అన్నింటికంటె కలచునది నర్సు విషయము. ఇంటర్‌లో సీఈసీయో హెచ్‌ఈసీయో చదివి, జీఎన్‌ఎం నర్సింగు కోర్సు పూర్తిచేసి, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేయుచు, రోగి శ్వాసగతి మారుటను డాక్టరుకంటె ముందు కనిపెట్టగల అనుభవము గడించిన ఇరువదినాలుగేండ్ల యువతికి, 'నేనే డాక్టరునైనచో' అను తలపు కలుగుట సహజము. కాని ఆమెకు మూడు శాస్త్రములును మొదటినుండి నేర్వవలసియున్నది. ఆమె అనుభవమునకు నీట్ ఒక్క మార్కును ఇయ్యదు. నర్సింగునుండి గాని, దంతవైద్యమునుండి గాని, ఆయుర్వేద, హోమియో పట్టములనుండి గాని ఎం.బి.బి.ఎస్. నడిమి సంవత్సరములలోనికి ప్రవేశించు మార్గము మన దేశమున లేదు. ఉన్నదని చెప్పువాడు మోసగాడు. ఆమె తన్ను తాను అడుగవలసిన ప్రశ్న, రోగికి దగ్గరగ నుండుట తనకు కావలెనా, రోగనిర్ణయము చేసి చికిత్సను నిశ్చయించు అధికారము కావలెనా అనునది. మొదటిదైనచో పోస్ట్ బేసిక్ బి.ఎస్‌సి. నర్సింగు రెండేండ్లలో ముగియును, అటుపై ఎం.ఎస్‌సి. కలదు, అది గౌరవమున ఏమాత్రము తక్కువ కాదు. రెండవదే యైనచో, నాలుగేండ్ల తపస్సునకు సిద్ధపడి, ఇంటివారి సమ్మతిని ముందే పొంది, ఎన్‌ఐఓఎస్‌లో నమోదు చేసికొనవలెను. అట్టి స్త్రీ ఎన్నడైన ఆ తెల్లకోటు ధరించినచో ఆమె చేతిలో రోగి ఎంత నిశ్చింతగ నుండునో చెప్పనక్కరలేదు.

వత్సరముల లెక్కను కుటుంబసభ్యుల యెదుట కాగితముపై వేయుట ఉచితము. అర్హత పూరించుట కొక యేడు, నీట్‌కు ఒకటి రెండేండ్లు, ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరయేండ్లు, ఇంటర్న్‌షిప్ ఒక యేడు, పీజీ చేయదలచిన మరి మూడేండ్లు. ఇరువదియారున బయలుదేరినవాడు ముప్పదినాలుగున ఎం.బి.బి.ఎస్. డాక్టరగును, నిపుణుడగునప్పటికి నలుబది సమీపించును. కళాశాలలోను గడువులు కలవు: మొదటి వృత్తిపరీక్షకు నాలుగు అవకాశములు మాత్రమే, మొత్తము కోర్సు తొమ్మిదేండ్లలో ముగియవలెను. ప్రైవేటు కళాశాలల బి కేటగిరీ రుసుము ఏటికి పదిలక్షలు దాటును గనుక, సంపాదన మానుకొన్నవాడు ఆ భారమును వృద్ధులైన తల్లిదండ్రుల నెత్తిన వేయుటకు ముందు పదిమారులు ఆలోచింపవలెను. పొలమమ్మి సీటు కొనవలదని నా దృఢాభిప్రాయము.

సీటు దొరకనివారికి విదేశములు చూపు ఏజెంట్లు విజయవాడలోను హైదరాబాదులోను కొల్లలు. అచటి చదువు యావత్తు నింద్యము కాదు. కాని 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ చేసిన నిబంధనలను వారు విప్పి చెప్పరు. కోర్సు కనీసము 54 నెలలుండవలెను. ఆ దేశముననే, ఆ సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ జరుగవలెను. బోధన ఇంగ్లీషున నుండవలెను. ఆ పట్టముతో ఆ దేశమున అచటి పౌరులతో సమానముగ వైద్యము చేయు అర్హత కలుగవలెను. నీట్ నెగ్గియే పోవలెను. తిరిగివచ్చినపిదప విదేశీ వైద్యపట్టభద్రులకు జరుపు ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కు 150 తెచ్చుకొనవలెను. ఇటీవలి విడతలలో అందు తప్పినవారే అధికసంఖ్యాకులు. ఓపెన్ స్కూలు పత్రమైనను చాలును, నీట్ అక్కరలేదు, మేము చూచుకొందుము అను మాట వినబడిన క్షణముననే లేచి వచ్చివేయుడు.

ఈ త్రోవన నడచువారికి ఎదురగు తుది చిక్కు పరీక్షకు సంబంధించినది కాదు. బంధువుల పెండ్లిలో 'ఇంకను చదువుచునే యున్నావా?' అను ప్రశ్న యెదురగును. చెల్లెలి కాపురము నిలదొక్కుకొనును, స్నేహితుడు ఇల్లు కట్టును, మీరు మాత్రము గదిలో కిరణజన్యసంయోగక్రియ పటమును గీయుచుందురు. ఈ ఒంటరితనమును తక్కువగ అంచనా వేయవలదు. వారమునకొకమారైన ఇదే ప్రయత్నమున నున్న మరియొకరితో కలిసి చదువుకొనుడు. ఇంటివారికి గడువును ముందే చెప్పి, ఆ గడువునకు కట్టుబడుడు. రెండుమారులు ప్రయత్నించిన పిదప మార్కులు కదలనిచో మూడవమారునకు హేతువు స్పష్టముగ నుండవలెను. ఆశ యొక్కటియే హేతువు కాజాలదు.

ప్రతి సంవత్సరమును నీట్‌కు సమాచార పుస్తిక వెలువడును. ఆ యేటి నిబంధనలకు అదియే ప్రమాణము గాని, ఈ అధ్యాయము గాని, మీ మేనమామ మాట గాని కాదు. కావున చదువరులారా, ఈ వారముననే మీ పదవ తరగతి మెమో, ఇంటర్ మెమో, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు, నివాసపత్రము ఒకచోట చేర్చి, ఆ పుస్తికలోని అర్హత పుటను ప్రక్కన పెట్టుకొని, వాక్యము వాక్యముగ సరిచూచుకొనుడు. లోపించిన పత్రమునకు సోమవారమే దరఖాస్తు పెట్టుడు.